మ్యూజియంలో చూపు లేనివారికి ఏముంది?

ఈ ఎపిసోడ్‌లో మ్యూజియంల గురించి మాట్లాడుకుందాం. మ్యూజియంలో ఏముంటాయో మనందరికీ కొంతవరకు తెలుసు. ఆ ఉన్నవి ఎవరికి అందుతున్నాయి, ఎవరికి అందడం లేదు అన్నది ఈ రోజు మన ప్రశ్న. ముఖ్యంగా చూపు అసలు లేనివారికి, చూపు బాగా తక్కువగా ఉన్నవారికి అక్కడి వస్తువుల్ని ఎలా అందించవచ్చు? వేరేచోట్ల ఎలా చేశారు? మన దగ్గర ఏం చేయవచ్చు? ఒక్కొక్కటిగా చూద్దాం.

మూడు వస్తువులు, మూడు దారులు

హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియం చూసొచ్చినవాళ్ళని ఏం చూశారని అడగండి. మామూలుగా మూడు పేర్లు చెబుతారు: ముసుగు రెబెక్కా, జంట బొమ్మ, సంగీత గడియారం. ఈ మూడింటినీ ఒక్కసారి చూపు లేని మనిషి వైపు నుంచి ఆలోచిద్దాం.

రెబెక్కా పాలరాతి బొమ్మ. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కాడు. మొదటి సాలార్‌జంగ్ 1876లో దాన్ని రోమ్‌లో కొన్నారు. ముఖం మీద పల్చటి ముసుగు ఉన్నట్టు, ఆ ముసుగులోంచి ముఖం కనబడుతున్నట్టు ఉంటుంది. నిజానికి అక్కడ ముసుగు వేరే, ముఖం వేరే లేవు. ఉన్నది ఒకటే రాయి. ఇదంతా కంటికి చేసిన గారడీ. చేత్తో తడిమితే నున్నటి రాయి, దాని మీద మడతలు, అంతే తెలుస్తుంది. కాబట్టి ఈ బొమ్మ చూపు లేని మనిషికి అందాలంటే ముందు మాట కావాలి. ఆ గారడీ ఏమిటో, వెలుగూ నీడా కలిసి కంటిని ఎలా నమ్మిస్తాయో ఎవరో ఒకరు చెప్పాలి. ఆ తర్వాత చేతికి నమూనా ఇస్తే, "ఇంత మామూలు రాతితోనా అందర్నీ నమ్మించాడు!" అన్న ఆశ్చర్యం కలుగుతుంది. అది చూపున్నవాళ్ళకి కలిగే ఆశ్చర్యం లాంటిది కాదు గానీ, అదీ ఆశ్చర్యమే కదా.

ఇక జంట బొమ్మ. ఒకే చెక్కలో రెండు బొమ్మలు. ఒకవైపు గెథే నాటకం ఫౌస్ట్‌లోని మెఫిస్టోఫిలిస్, అంటే సైతాను. రెండోవైపు అదే నాటకంలోని మార్గరెట్టా, తలవంచుకుని నిలబడి ఉంటుంది. రెండూ ఒకేసారి కనబడాలని బొమ్మ వెనక అద్దం పెట్టారు. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, ఆ అద్దం కంటి అవసరం. కన్ను ఒకేసారి ఒకవైపే చూడగలదు. చేతికి అద్దం అక్కర్లేదు. చిన్న సైజు నమూనా ఒకటి చేతికిస్తే బొటనవేలు అతని ఛాతీ మీద, మిగతా నాలుగు వేళ్ళు ఆమె దుస్తుల మీద ఒకేసారి ఉంటాయి. ఒకే చెక్కకి రెండు మనుషులు అన్న ఊహ అద్దంలో కన్నా చేతిలోనే సూటిగా అందుతుంది.

మూడోది గడియారం. గంట గంటకీ ఒక చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొట్టి లోపలికి వెళ్ళిపోతుంది. దాని కోసం జనం ముందే వచ్చి కూర్చుంటారు. ఇది సగం చెవిదే. పక్కనున్నవాళ్ళు "ఇప్పుడు తలుపు తీసుకుని వచ్చాడు" అని ఒక్క ముక్క చెబితే మిగతా సగం కూడా అందుతుంది.

ఒకే మ్యూజియంలో మూడు వస్తువులు, మూడు దారులు. ఏ వస్తువు మనిషిని ఏ దారిలో చేరగలదో వెతకడమే ఈ పనిలో అసలు సంగతి. బ్రెయిలీ బోర్డులు, యంత్రాలు, యాప్‌లు అన్నీ దాని తర్వాతే వస్తాయి.

‘ముట్టుకోరాదు’ అన్న బోర్డు తప్పా?

తప్పు కాదండీ. మన వేళ్ళ మీద చెమట, ఉప్పు, నూనె ఉంటాయి. ఒక మనిషి ఒకసారి తాకితే ఏమీ కాదు. లక్షల మంది తాకితే రాయి కూడా అరుగుతుంది, లోహం రంగు మారుతుంది, బట్ట, కాగితం అయితే చెప్పనే అక్కర్లేదు. వాటికన్‌లోని సెయింట్ పీటర్ కంచు విగ్రహం కుడి పాదం భక్తులు తాకీ తాకీ వేళ్ళ గుర్తులు లేకుండా అరిగిపోయింది. హంపి విఠలాలయంలో సంగీత స్తంభాల్ని జనం కొట్టి కొట్టి చూస్తుంటే, చివరికి కొట్టడం నిషేధించాల్సి వచ్చింది.

కాబట్టి నియమం సరైనదే. కానీ ఆ నియమం ఖరీదు అందరూ సమానంగా కట్టడం లేదు. చూపున్న మనిషికి అద్దం పెట్టె అడ్డు కాదు, లోపలికి చూస్తాడు. చూపు లేని మనిషికి ఆ అద్దం గోడతో సమానం. ఒకే టికెట్టు కొని ఒకరు వస్తువు చూసి వస్తారు, ఇంకొకరు వరండాల్లో నడిచి వస్తారు. వస్తువుకీ నష్టం లేకుండా, మనిషికీ నష్టం లేకుండా ఏదైనా ఉందా? ఉంది. నూరేళ్ళకు పైగానే ఉంది.

నూరేళ్ళ కిందటి ప్రయత్నం నుంచి ఇప్పటిదాకా

ఇంగ్లండ్‌లో సండర్లాండ్ అనే ఊరు ఉంది. అక్కడి మ్యూజియం చూసుకునే చార్ల్‌టన్ డీస్ అనే ఆయన 1913లో అంధుల పాఠశాల పిల్లల్ని పిలిచి మ్యూజియంలోని వస్తువుల్ని చేతికిచ్చారు. పిల్లల దగ్గర బాగా నడిచాక, పెద్దవాళ్ళకీ ఆదివారాలు అలాంటి ఏర్పాటు చేశారు. కంప్యూటర్ లేదు, త్రీడీ ప్రింటర్ లేదు. వస్తువులు, బల్ల, ఓపిగ్గా చెప్పే మనిషి, ఇవే ఉన్నాయి.

ఇటలీలో అంకోనా నగరంలో ఓమెరో మ్యూజియం ఉంది. ఆల్డో గ్రస్సీనీ, డానియేలా బొత్తెగోనీ అనే దంపతులు దానికి మూలం. ఇద్దరికీ చూపు లేదు, ఇద్దరికీ ప్రయాణాలంటే ఇష్టం. వెళ్ళిన ప్రతి మ్యూజియంలోనూ ‘ముట్టుకోవద్దు’ అనే మాట విని విని, ముట్టుకోవడం కోసమే ఒక మ్యూజియం ఉండాలనుకున్నారు. 1993లో అది మొదలైంది. 1999లో ప్రభుత్వ మ్యూజియం అయింది. పేరు గొప్ప శిల్పాలకి అసలు సైజులో చేసిన ప్రతిరూపాలు, కట్టడాల నమూనాలు అక్కడ చేత్తో తడిమి చూడవచ్చు. ఆ పేరు కూడా చూడండి. ఓమెరో అంటే హోమర్, చూపు లేని కవి అని చెప్పుకునే గ్రీకు కవి.

శిల్పం సరే, మరి చిత్రపటం? అది బల్లపరుపుగా ఉంటుంది కదా. స్పెయిన్‌లో మాడ్రిడ్ నగరంలోని ప్రాడో మ్యూజియం 2015లో ఆరు చిత్రాల్ని ఉబ్బెత్తుగా ముద్రించి, తాకి చూడమని పెట్టింది. వెలాస్కెజ్, ఎల్ గ్రెకో, గోయా చిత్రాలు అందులో ఉన్నాయి. చూపున్నవాళ్ళు కూడా కళ్ళు కనబడకుండా చేసుకుని వేళ్ళతో చూడగలిగారు. చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, దాంతో ఆ గది ‘అంధుల మూల’ కాకుండా అందరి గది అయింది.

మన దేశంలో ఢిల్లీ నేషనల్ మ్యూజియం 2015లో ‘అనుభవ్’ పేరుతో స్పర్శ గ్యాలరీ తెరిచింది. మ్యూజియంలోని వస్తువుల ప్రతిరూపాలు 22, వాటికి బ్రెయిలీ పలకలు, వినే వివరణలు పెట్టారు. ఇది పెద్ద అడుగే. అయితే లక్షల వస్తువులున్న మ్యూజియంలో 22 అనేది ఆరంభం మాత్రమే అని కూడా గుర్తుంచుకోవాలి.

వేళ్ళు ఎలా చూస్తాయి?

ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. ఫొటోలో ఉన్న గీతలన్నీ ఉబ్బెత్తుగా చేసేస్తే చూపు లేనివాళ్ళకి అర్థమైపోతుంది అనుకుంటారు. అలా జరగదు. కన్ను ముందు మొత్తం చూసి తర్వాత వివరాల్లోకి వెళ్తుంది. వేళ్ళు ముక్క ముక్కగా తెలుసుకుంటూ పోయి చివరికి మొత్తాన్ని కూడగడతాయి. అందుకే గీతలు ఎక్కువైతే కంటికి అందం, వేళ్ళకి గందరగోళం.

దీనికి మన అమరావతి శిల్పమే మంచి ఉదాహరణ. చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో అమరావతి నుంచి తెచ్చిన ఒక గుండ్రటి ఫలకం ఉంది. మదమెక్కిన నాలగిరి ఏనుగుని బుద్ధుడు లొంగదీసిన కథ అందులో ఉంది. పల్నాటి సున్నపురాయిలో, వీధి, భయపడి పరిగెత్తే జనం, కిటికీల్లోంచి తొంగిచూసేవాళ్ళు, అన్నీ ఆ గుండ్రంలో కిక్కిరిసి ఉంటాయి. పైగా ఏనుగు రెండుసార్లు ఉంటుంది. ఒకచోట మనుషుల్ని తొక్కుతూ, ఇంకోచోట బుద్ధుడి ముందు మోకరిల్లి. ఒకే ఫలకంలో రెండు క్షణాలన్నమాట. ఈ సంగతి తెలియకుండా వేళ్ళతో తడిమితే రెండు ఏనుగులు పోట్లాడుతున్నాయేమో అనిపించవచ్చు.

మరి ఏం చేయాలి? దాన్ని మూడు నాలుగు పలకలుగా విడగొట్టాలి. మొదటి పలక మీద గుండ్రం, అందులో ఏ భాగంలో ఏముందో చెప్పే మూడు నాలుగు ఆకారాలు. రెండో పలక మీద తొక్కుతున్న ఏనుగు ఒక్కటే. మూడోదాని మీద మోకరిల్లిన ఏనుగు, ఎదురుగా బుద్ధుడు. ఆ తర్వాత మొత్తం ఫలకం ప్రతిరూపం ఇస్తే అప్పుడు వేళ్ళకి దారి తెలుస్తుంది. ఇలాంటి పలకలకి పెద్ద ఖర్చు కూడా లేదు. వేడి తగిలితే నల్లగీతలు పైకి ఉబ్బే ప్రత్యేకమైన కాగితం దొరుకుతుంది. బొమ్మ గీసి, దాని మీద ముద్రించి, వేడి యంత్రంలోంచి పంపితే సరిపోతుంది.

ఇంకొకటి. అన్ని కళలూ చేతికి ఒకేలా అందవు. కరీంనగర్ వెండి తీగపని తీసుకోండి, సన్నటి తీగలు మెలితిప్పి చేసేది కాబట్టి వేలికి ప్రతి మెలికా తెలుస్తుంది. బీదరీ పని అలా కాదు. నల్లటి లోహంలో వెండిని పొదిగి, పైన నున్నగా చేసేస్తారు. కంటికి మెరిసే పువ్వులు, వేలికి నున్నటి పాత్ర. బీదరీకి ప్రతిరూపం చేయాలంటే ఆ పువ్వుల్ని కావాలని కొంచెం పైకి లేపాలి, అలా లేపామని చెప్పాలి కూడా. లేకపోతే బీదరీ అంటే ఎత్తు పువ్వుల పాత్ర అనే తప్పు అభిప్రాయం మిగిలిపోతుంది.

ప్రతిరూపాన్ని దేంతో చేశామన్నది కూడా ముఖ్యం. త్రీడీ ప్రింటర్‌లో చేసిన ప్లాస్టిక్ బొమ్మలో ఆకారం వస్తుంది. రాతి చల్లదనం, కంచు బరువు రావు. అందుకే ఆకారం కోసం ప్లాస్టిక్ ఇచ్చినా, పక్కనే అదే రకం రాతి ముక్క, లోహపు ముక్క ఒకటి పెట్టడం మంచిది.

మాటతో బొమ్మ కట్టడం

అన్నిటికన్నా తక్కువ ఖర్చుది, అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ కావాల్సింది వర్ణన. మొహెంజొదారోలో 1926లో దొరికిన కంచు అమ్మాయి బొమ్మ తెలుసు కదా. ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో ఉంది. ‘నాట్యగత్తె, కంచు, సింధు నాగరికత’ అని చీటీ రాస్తే చూపున్నవాళ్ళకి చాలు, మిగతాది వాళ్ళే చూసుకుంటారు. చూపు లేనివాళ్ళకి ఆ చీటీయే మొత్తం బొమ్మ. ఇప్పుడు కళ్ళు మూసుకుని ఇది వినండి.

"ఇది కంచు బొమ్మ. ఎత్తు పదిన్నర సెంటీమీటర్లు, అంటే అరచేతిలో పట్టేంత. సన్నటి అమ్మాయి నిలబడి ఉంది. బట్టలు లేవు, నగలున్నాయి. ఆమె కుడి చెయ్యి నడుం మీద ఉంది. ఎడమ చెయ్యి కిందికి వచ్చి తొడ మీద ఆనింది. ఆ ఎడమ చేతికి భుజం నుంచి మణికట్టు దాకా గాజులే. కుడి చేతికి నాలుగే. ఎడమ మోకాలు కొద్దిగా వంగింది. తల కొంచెం వెనక్కి వాలింది. పాదాలు విరిగిపోయాయి, లేవు."

ఇందులో ఒక వరస ఉంది. ముందు ఏమిటి, దేంతో చేశారు, ఎంత సైజు. తర్వాత మొత్తం నిలబడిన తీరు. ఆ తర్వాత వివరాలు. కుడి, ఎడమ అన్నప్పుడు బొమ్మ కుడా, మన కుడా అన్నది తేల్చి చెప్పాలి. రంగు కూడా చెప్పాలి. చూపు మధ్యలో పోయినవాళ్ళకి రంగులు గుర్తుంటాయి, పుట్టుకతో లేనివాళ్ళకి కూడా రంగుల గురించి తెలుసుకోవాలని ఉంటుంది. ‘చాలా అందంగా ఉంది’, ‘అద్భుతం’ అనే మాటలు మాత్రం చివరికి కూడా వద్దు.

ఎందుకు వద్దంటున్నానంటే, ఆ బొమ్మకి ‘నాట్యగత్తె’ అన్న పేరు మన కాలంవాళ్ళు పెట్టింది. నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది అని విన్న మనిషి, "ఇందులో నాట్యం ఎక్కడుందండీ?" అని అడగొచ్చు. పండితులు కూడా అడుగుతున్న ప్రశ్నే అది. మన అభిప్రాయం చేతిలో పెట్టి పంపిస్తే ఆ ప్రశ్న పుట్టదు. చూపున్న మనిషి మ్యూజియంకి వెళ్ళి సొంత అభిప్రాయంతో తిరిగొస్తాడు. చూపు లేని మనిషికీ అదే హక్కు ఉండాలి. సమాచారం ఇవ్వడం ఒక ఎత్తు, సొంతంగా అనుకోవడానికి కావాల్సినంత ఇవ్వడం ఇంకో ఎత్తు.

బ్రెయిలీ పెట్టేస్తే అయిపోయినట్టేనా?

కాదు. బ్రెయిలీ అవసరమే. ఆరు చుక్కల ఆ లిపికి భారతి బ్రెయిలీ అనే ఉమ్మడి పద్ధతి ఉండబట్టి, తెలుగు ‘క’కీ హిందీ ‘క’కీ ఒకే చుక్కలు. తెలుగులోనూ పలకలు చేయడానికి అడ్డేమీ లేదు. కానీ బ్రెయిలీ చాలా చోటు తీసుకుంటుంది, కాబట్టి పలక మీద నాలుగైదు వాక్యాలకన్నా పట్టవు. మిగతాది వినిపించాలి. పైగా చూపు లేనివారందరికీ బ్రెయిలీ రాదు. వయసు మీద పడ్డాక చూపు పోయినవాళ్ళలో చాలామంది నేర్చుకుని ఉండరు.

ఇంకో సంగతి మనం మర్చిపోతుంటాం. చూపు సమస్య ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి ఎంతో కొంత చూపు ఉంటుంది. వాళ్ళకి కావాల్సింది పెద్ద అక్షరాలు, లేత రంగు మీద ముదురు రంగు రాత, అద్దం మీద లైటు మెరవకుండా ఉండడం. బంగారు రంగు పలక మీద పసుపు అక్షరాలు చెక్కితే అందంగానే ఉంటాయి, కానీ మన ఇంట్లో తాతగారు కూడా చదవలేరు.

వస్తువు దాకా వెళ్ళడం ఇంకో సమస్య. మెట్రో స్టేషన్లలో నేల మీద పసుపు గీతల టైల్స్ ఉంటాయి చూడండి, అలాంటి దారి గేటు నుంచి లోపలి బల్ల దాకా ఉండాలి. గోడ మీద క్యూఆర్ కోడ్ అంటిస్తారు, బాగానే ఉంది. అది గోడ మీద ఎక్కడుందో చూపు లేని మనిషికి ఎలా తెలుస్తుంది? చుట్టూ ఉబ్బెత్తు అంచు పెట్టి, అన్ని చోట్లా ఒకే ఎత్తులో ఉంచితే చెయ్యి దాన్ని కనుక్కుంటుంది. ఇక వెబ్‌సైట్. ఫోన్‌లో తెర మీది రాతను చదివి వినిపించే సదుపాయం ఇప్పుడు తెలుగులోనూ ఉంది. అది ఫొటోలో ఉన్నదాన్ని అన్నిసార్లూ సరిగ్గా చెప్పలేదు. ప్రతి ఫొటోకీ వెనక రెండు వాక్యాల వివరణ రాస్తే ఇంట్లో కూర్చునే మ్యూజియం సగం తిరగొచ్చు.

చట్టం ఏమంటోంది?

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. అందులో 29వ సెక్షన్ సంస్కృతి, వినోదం గురించి. కళలు వికలాంగులకు అందుబాటులో ఉండేలా చూడాలని అది ప్రభుత్వానికి చెబుతోంది. 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు రాజీవ్ రతూరి కేసులో ఇంకో అడుగు ముందుకు వేసింది. అందుబాటు ప్రమాణాలు ‘వీలైతే పాటించండి’ అన్నట్టు ఉంటే కుదరదు, తప్పనిసరి నియమాలు చేయాలంది. ఆ కేసులో కోర్టుకి నివేదిక ఇచ్చింది మన హైదరాబాద్‌లోని నల్సార్ విశ్వవిద్యాలయం వారి వికలాంగ అధ్యయన కేంద్రమే. కాబట్టి ఇది ఎవరో దయతో చేసే పని అనుకునే రోజులు పోవాలి.

"ఎంతమంది వస్తారండీ?"

ఈ మాట తరచుగా వినబడుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో చూపు లోపం ఉన్నవాళ్ళు 50 లక్షల పైమాటే. వాళ్ళు మ్యూజియంకి రావడం లేదంటే, వస్తే వాళ్ళకి అక్కడ ఏమీ లేదు కాబట్టి. మెట్లు తప్ప దారి లేని మేడ మీదికి చక్రాల కుర్చీలో ఎవరూ రావడం లేదు కదా అన్నట్టుంది ఈ వాదన.

డబ్బు లేని చిన్న జిల్లా మ్యూజియం ఏం చేయగలదు? చాలా చేయగలదు. ముందు పది వస్తువులు ఎంచుకోవాలి, పేరున్నవి అని కాకుండా చేతికో చెవికో బాగా అందేవి. వాటికి ఇందాక చెప్పుకున్న పద్ధతిలో వర్ణన రాసి, మంచి గొంతుతో రికార్డు చేయాలి. ప్రతిరూపాల కోసం దూరం పోనక్కర్లేదు. ఆదిలాబాద్ ఓజాలు డోక్రా బొమ్మలు చేస్తారు. మట్టి మీద మైనం చుట్టి, పైన మళ్ళీ మట్టి కప్పి, కాల్చి మైనాన్ని కరిగించి, ఆ ఖాళీలో లోహం పోస్తారు. మొహెంజొదారో అమ్మాయిని చేసింది కూడా మైనం కరిగించే పద్ధతిలోనే. మైనం చుట్టిన దశ ఒకటి, మట్టి అచ్చు ఒకటి, పూర్తయిన బొమ్మ ఒకటి వరసగా బల్ల మీద పెట్టండి. నాలుగున్నర వేల ఏళ్ళ కిందటి పని ఎలా జరిగిందో వేళ్ళకి తెలిసిపోతుంది. నిజం చెప్పాలంటే, అద్దం పెట్టెలోంచి చూసేవాళ్ళకి కూడా అంత తెలియదు.

వీటన్నిటికన్నా ముందు చేయాల్సింది ఒకటుంది. మీ ఊళ్ళో అంధుల పాఠశాల ఉంటే అక్కడి విద్యార్థుల్ని, చూపు లేని ఉపాధ్యాయుల్ని పిలిచి, నమూనా చేతికిచ్చి, "ఇది ఏమిటనిపిస్తోంది?" అని అడగాలి. అంతా కట్టేసి ప్రారంభోత్సవానికి పిలవడం కాదు, కట్టకముందే పిలవాలి. ఏ గీత ఎక్కువైంది, ఏ మాట తక్కువైంది అన్నది వాళ్ళ వేళ్ళే చెబుతాయి.

మీరు మ్యూజియం ఉద్యోగి కాకపోవచ్చు. అయినా ఈసారి చూపు లేని స్నేహితుడితోనో, చూపు మందగించిన అమ్మమ్మతోనో మ్యూజియంకి వెళ్ళినప్పుడు, ‘బాగుంది’ అనకుండా ఎంత ఉంది, దేంతో చేశారు, చెయ్యి ఎక్కడుంది, తల ఎటు తిరిగింది అని చెప్పి చూడండి. చెప్పడం కోసం మీరు కూడా ఆ బొమ్మని ఇంతకుముందు ఎప్పుడూ చూడనంత జాగ్రత్తగా చూస్తారు. బయటికొచ్చేటప్పుడు అక్కడి సందర్శకుల పుస్తకంలో ‘చేతితో చూసే బల్ల ఒకటి కావాలి’ అని రాసి రండి.

ఇవాళ్టికి ఇంతే. మళ్ళీ ఇంకో విషయంతో కలుద్దాం. సెలవు.